మంచుకు నీలం

ఇరవై యేళ్ళుగా నేను కాలేజీలో తెలుగు చెబుతున్నాను. ఆ ఇరవై యేళ్ళలో ప్రవరాఖ్యుణ్ణి ఎన్నిసార్లు హిమాలయానికి పంపించానో లెక్కలేదు. కాళ్ళకు పసరు పూసుకుని వెళ్ళడం, మంచు తగిలి ఆ పసరు కాస్తా కరిగిపోవడం, తిరిగి వచ్చే దారి తెలియక ఆ బ్రాహ్మడు బిక్కమొగం వెయ్యడం, యివన్నీ క్లాసులో కళ్ళకు కట్టినట్టు చెబుతానని నాకు కాస్త పేరు కూడా వుంది. కాని 2023 ఫిబ్రవరిలో వెనకబెంచీ కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ, మంచు ఏ రంగులో వుంటుందండీ?" అని అడిగాడు.

"తెల్లగా వుంటుంది. ఆ మాత్రం తెలియదుటోయ్?" అన్నాను.

"నీలంగా వున్న బొమ్మ ఒకటి చూశానండి. మీరెప్పుడైనా మంచు చూశారాండీ?"

నిజం చెప్పవద్దూ? నేను చూచిన మంచు రెండు రకాలు. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున గోదావరి గట్టుమీద కమ్ముకునేది ఒకటి. మా యింట్లో ఫ్రిజ్జిలో పేరుకునేది ఒకటి. హిమం, తుహినం, తుషారం, నీహారం అని పర్యాయపదాలు గడగడా అప్పజెప్పగలనే గాని, కొండమీద పడే మంచు యెలా వుంటుందో నాకు తెలియదు. నేను గుటకలు మింగుతూ వుంటే, ఆ కుర్రవాడి పక్కవాడు, "మాస్టారి చొక్కాలాగా వుంటుందేమోరా" అని గొణిగాడు. క్లాసంతా నవ్వింది.

ఆ చొక్కా సంగతి చెప్పాలి. మా యింట్లో తెల్లబట్టలకు నీలం పెట్టే అధికారం మా అమ్మది. ఉతికే మిషను వచ్చింది గాని ఆ అధికారం ఆవిడ చేతిలోంచి పోలేదు. మా నాన్నగారి పంచెలకు నలభై యేళ్ళపాటు నీలం పెట్టిన చెయ్యి అది. మల్లెపువ్వులా వుండేవి ఆయన పంచెలు. ఆయన పోయిన తర్వాత ఆ శ్రద్ధంతా నా చొక్కాలమీదికి మళ్ళింది. అయితే, రెండేళ్ళుగా మోతాదు పెరిగిపోతూ వచ్చింది. తెల్లచొక్కా వేసుకు వెళితే శరత్కాలపు ఆకాశం కదిలి వస్తున్నట్టు వుండేది. అడిగితే, "పచ్చగా వుండిపోతున్నాయిరా, ఎంత పెట్టినా తెల్లబడవు. ఈ కాలపు సబ్బులు అలా యేడిశాయి" అనేది. డెబ్బై మూడేళ్ళ మనిషితో వాదమెందుకని మా ఆవిడ, అమ్మ పడుకున్న తర్వాత ఆ బట్టలు మళ్ళీ మంచినీళ్ళలో జాడించి ఆరవేసేది. ఆ జాడింపుకు దొరక్కుండా తప్పించుకున్న చొక్కాలే నా పరువు తీసేవి.

ఈ చాదస్తాన్ని మించిన బెంగ మరొకటి వుంది మాకు. అమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషను చేయించుకోమని డాక్టరు మూడేళ్ళనాడే చెప్పాడు. ఆవిడ ససేమిరా అంది. దానికి కారణం వుంది. ముప్ఫయి అయిదేళ్ళ క్రితం మా పెద్దమ్మ ఎవరో పెట్టిన శిబిరంలో ఆపరేషను చేయించుకుని, చీముపట్టి, ఆ కన్ను కాస్తా పోగొట్టుకుంది. భయపడుతున్న అక్కగారిని నచ్చజెప్పి, చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళింది మా అమ్మే. ఆ తర్వాత పెద్దమ్మ పదిహేనేళ్ళు బ్రతికింది గాని, చెల్లెల్ని ఒక్క మాట అనలేదు. ఆ ఒక్క మాట అననందుకే మా అమ్మకు ఈనాటికీ నిద్రపట్టదు.

ఆ వేసవిలో మా తమ్ముడు సియాటిల్ నుంచి టిక్కెట్లు పంపాడు. అమ్మను కూడా రమ్మన్నాడు. "సరిగ్గా కనబడని కళ్ళతో అంతదూరం దేనికిరా? నువ్వూ అమ్మాయీ వెళ్ళిరండి" అంది అమ్మ. అని, కాస్సేపాగి, "అక్కడెక్కడో మంచుకొండలున్నాయని చెప్పాడుగా చిన్నాడు. ఒక మంచి ఫొటో తీసుకురా. నాకు కైలాసం చూసే యోగం యెలాగూ లేదు. ఆ మంచయినా చూసి పోతాను" అంది.

అదీ నేను కెమేరా పట్టిన కథ. పేరుకు తమ్ముడిదే అయినా, ఆ జూలైలో అది నా మెడలోంచి దిగలేదు.

* * *

సియాటిల్ నుంచి జూనో అనే వూరికి రెండున్నర గంటల విమాన ప్రయాణం. జూనో అలాస్కా రాష్ట్రానికి రాజధాని. రాజధానే గాని, బయటి ప్రపంచం నుంచి ఆ వూరికి రోడ్డు లేదు. విమానంలోనైనా వెళ్ళాలి, ఓడలోనైనా వెళ్ళాలి. ఒక పక్క సముద్రం, వెనక నిటారు కొండలు, ఆ కొండల వెనక వందల చదరపు మైళ్ళ మంచుమైదానం. అందులోంచి నాలుగు దిక్కులకూ మంచునదులు దిగుతాయి. హిమానీనదం అని మన పుస్తకాలలో వ్రాసేది వీటినే. నది అనడం కవిత్వం కాదు. నిజంగానే ఆ మంచు తన బరువుకు తానే వాలులోకి జారుతూ, రోజూ కొద్దికొద్దిగా ప్రవహిస్తుంది.

మొదటి రోజు మెండెన్‌హాల్ అనే హిమానీనదం చూడబోయాము. ఊరికి 19 కిలోమీటర్ల దూరంలో వుంది. ఎండ ఫెళ్ళున కాస్తోంది. "అదృష్టవంతులం, ఫొటోలకు మంచి వెలుతురు" అనుకున్నాను. ఎదురుగా సరస్సు. బియ్యం కడిగిన నీళ్ళలా వుంది. మంచునది కింద రాయి అరిగి పిండి అయి ఆ నీళ్ళలో కలుస్తుందట. సరస్సు అవతల మంచు. తెల్లగా వుంది. తెలుపు కూడా కాదు, నడుమ నడుమ బొగ్గుల బస్తా దులిపినట్టు నల్లని చారలు. నీలమేదీ? పగుళ్ళలో అక్కడక్కడా ఉందా లేదా అన్నట్టు వుంది.

అరవయ్యో డెబ్బయ్యో ఫొటోలు తీశాను. తీసినవి చూసుకుంటే గుండె జారిపోయింది. మంచు బూడిదరంగులో వుంది. మా ఆవిడ తొంగిచూసి, "అంట్లు తోమే చోటులా వుందండీ" అంది. ఆవిడ విమర్శలు క్లుప్తంగా వుంటాయి.

అక్కడ అడవిశాఖవారి సందర్శకుల కేంద్రం ఒకటి వుంది. 1962లో కట్టారు. అందులో పనిచేసే ఒక నెరిసిన జుట్టు ఆవిడ నా దిగాలుమొహం చూసి నవ్వి, "నీలం కావాలా? అయితే ఎండలో రావడమే పొరపాటు. మబ్బురోజున రండి, వాన పడుతూ వుంటే మరీ మంచిది" అంది. కేంద్రం కట్టిన రోజుల్లో మంచు యెక్కడిదాకా వుండేదో కిటికీలోంచి చూపించింది. ఇప్పుడక్కడ నీళ్ళున్నాయి. అసలు 1929కి ముందు ఆ సరస్సే లేదట. మంచు వెనక్కి తగ్గినకొద్దీ సరస్సు పుట్టింది, పెరిగింది.

మంచు నీలంగా యెందుకుంటుందో, ఎండలో యెందుకు కనబడదో ఆవిడ చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

ఆకాశంనుంచి రాలిన మంచు దూదిలాంటిది. ఒక ఘనపు మీటరు కొత్తమంచు తూచితే వంద కిలోలుంటుందేమో. తక్కినదంతా గాలి. లోపలికి దూరిన వెలుతురు ఆ రేకులకూ గాలికీ మధ్య వేలసార్లు అటూ యిటూ కొట్టుకుని, ఏ రంగూ పోగొట్టుకోకుండానే పైకి వచ్చేస్తుంది. అందుకని తెలుపు. దానిమీద మళ్ళీ మంచు పడుతుంది, మళ్ళీ యేడు మళ్ళీ పడుతుంది. కింది పొరలు బరువుకు నలిగి నలిగి, గాలి బయటికి పోయి, మిగిలినది బుడగలుగా చిక్కుకుని, ఆ బుడగలు కూడా చితికి చిన్నవయి, చివరికి గట్టి గడ్డ అవుతుంది. అప్పుడు ఘనపు మీటరు 900 కిలోల పైచిలుకు తూగుతుంది. అలాంటి గడ్డలో వెలుతురుకు అడ్డులేదు. లోతుగా వెళుతుంది. వెళుతున్నకొద్దీ మంచు అందులో ఎరుపును కొంచెం కొంచెంగా మింగేస్తుంది. నీలాన్ని మాత్రం ముట్టుకోదు. కొన్ని మీటర్ల దూరం తిరిగి బయటపడే వెలుతురులో నీలమే మిగులుతుంది. గ్లాసులో వేసుకున్న ఐసుముక్క నీలంగా కనబడకపోవడానికి కారణం, ఆ మందం చాలకపోవడమే. నీలం కలిపిన నీళ్ళు బకెట్టులో నీలంగా వుంటాయి, దోసిట్లోకి తీసుకుంటే మామూలు నీళ్ళలాగే కనిపిస్తాయి చూడండి, అలాగన్నమాట.

మరి ఎండ చేసే అపకారం యేమిటంటే, గడ్డ పైభాగాన్ని కరిగించి సన్నసన్నని పగుళ్ళు పుట్టిస్తుంది. వాటిలోకి గాలి దూరి, పైన తెల్లని పొర యేర్పడుతుంది. ఆ పొరమీద పడిన యెండ తళతళా మెరిసి కంటిని కమ్మేస్తుంది. లోపలి నీలపు వెలుతురు సన్నని దీపంలాంటిది. ఎండలో దీపం కనబడుతుందా? మబ్బు పట్టి ఆ తళతళ అణిగితే గాని కనబడదు. కొత్తగా విరిగిన ముఖం, నీళ్ళలో తిరగబడి కిందిభాగం పైకి వచ్చిన గడ్డ, వానకు కడిగిన మంచు, వీటిలో నీలం బాగా కనిపిస్తుంది.

ఈ విషయం చదువుతూ వుంటే మన వాడొకడు ఎదురై నాకు భలే సంతోషం కలిగించాడు. సర్ సి. వి. రామన్ 1921లో ఇంగ్లండు నుంచి నార్కుండా అనే ఓడలో తిరిగి వస్తూ మధ్యధరా సముద్రపు నీలం చూసి ముగ్ధుడైన సంగతి చాలామందికి తెలిసిందే. ఆ నీలం ఆకాశపు ప్రతిబింబం కాదని ఆయన రుజువుచేశాడు. అక్కడితో ఆగలేదు. 1923లో హిమానీనదాల మంచురంగును గురించి కూడా ‘నేచర్’ పత్రికలో వ్రాశాడు. మంచులోని అణువులే వెలుతురును చెదరగొట్టి నీలాన్ని యిస్తాయని ఆయన ఆలోచన. ఎరుపును మంచు మింగెయ్యడమే ముఖ్యకారణమని ఈనాటి శాస్త్రజ్ఞులు చెబుతారు. అయినా, విశాఖపట్నంలో పెరిగి, పదకొండో యేట అక్కడే మెట్రిక్యులేషను ప్యాసయిన పిల్లవాడు మంచునీలాన్ని గురించి ఆలోచించాడంటే, గోదావరి గట్టువాణ్ణి నేనుమాత్రం యెందుకు ఆలోచించకూడదు అనిపించింది.

* * *

మూడోరోజున ముసురు పట్టింది. పొద్దున్నే పడవ యెక్కాము. జూనోకు దక్షిణాన 45 మైళ్ళ దూరంలో ట్రేసీ ఆర్మ్ అనే సముద్రపు పాయ వుంది. కొండలమధ్య ముప్ఫయి మైళ్ళు లోపలికి చొచ్చుకుపోయింది. రెండు పక్కలా నిటారు రాతిగోడలు, వాటిమీదనుంచి జాలువారే జలపాతాలు. ఆ పాయకు చివర సాయర్, సౌత్ సాయర్ అని రెండు హిమానీనదాలు తిన్నగా సముద్రంలోకే దిగుతాయి.

పాయ మలుపు తిరగగానే మొదటి గడ్డ కనిపించింది. మా యిద్దరికీ నోటమాట రాలేదు. చిన్నయిల్లంత గడ్డ. పై అంచు తెలుపు, నడుమ శంఖుపూల రంగు, నీటిమట్టం దగ్గర నిఖార్సయిన మైలుతుత్తం. లోపల యెవరో దీపం పెట్టినట్టు వుంది. "ఎవరో నీలం పెట్టి ఆరేసినట్టున్నారండీ" అంది మా ఆవిడ. అని, తన మాటకు తనే నవ్వుకుంది.

నేను టకటకా తీశాను. చూసుకుంటే మళ్ళీ బూడిద!

అప్పుడు తెలిసింది, కెమేరాకు తెలివి మరీ యెక్కువని. దానికి రెండు దురలవాట్లున్నాయి. ఎదుట వున్నది యేదయినా సరే, అది నడిమిరకం బూడిద వెలుగులో వుండాలని దాని నమ్మకం. తెల్లమంచు చూపిస్తే "ఇంత తెలుపేమిటి?" అని మసకబారుస్తుంది. మనం మీట తిప్పి, ఒక స్టాపు ఎక్కువ వెలుతురు తీసుకోమని చెప్పాలి. నీలపు గడ్డ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ కాస్త తగ్గించాలి, లేకపోతే నీలం వెలిసిపోతుంది. ఇక రెండోది మరీ అన్యాయం. ఎదురుగా అంతా నీలమే వుంటే, అది వస్తువు రంగు అనుకోదు. వెలుతురులో యేదో లోపం వుందనుకుని, సరిచేద్దామని, మనకు చెప్పకుండా పసుపు కలుపుతుంది. నీలానికి పసుపు తగిలితే యింకేముంది, నీలం చచ్చిపోతుంది. రంగు సరిచేసే బాధ్యత దానికి అప్పగించకుండా, పగటి వెలుతురు అని మనమే ఖాయం చేసిపెట్టాలి. పక్కన నిలబడిన ఒక కుర్రవాడు ఈ రెండు మీటలూ నాకు చూపించి పుణ్యం కట్టుకున్నాడు. చూచినదాన్ని చూచినట్టు దాచుకునే రా అనే పద్ధతిలో తియ్యమని కూడా అతనే చెప్పాడు.

సౌత్ సాయర్ ఎదుటికి చేరాక పడవ యంత్రం ఆపేశారు. మంచుగోడకు బాగా యెడంగానే నిలిపారు. దగ్గరకు పోతే ప్రాణాపాయం. గడ్డలమీద సీలు జంతువులు పిల్లల్ని పక్కలో వేసుకుని పడుకున్నాయి. అంతా నిశ్శబ్దం అనుకున్నాను గాని, చెవి పెట్టి వింటే చుట్టూ సన్నగా చిటపటమనే చప్పుడు. పోపులో ఆవాలు వేగుతున్నట్టు! గడ్డ కరుగుతూ వుంటే, యెన్నో యేళ్ళనాడు అందులో చిక్కుకున్న గాలిబుడగలు పేలుతున్నాయట. ఎవరు పీల్చి వదిలిన గాలో అది!

ఇంతలో గోడలోంచి ఒక ముక్క నిశ్శబ్దంగా జారింది. అది నీళ్ళు తాకిన తర్వాత గాని పిడుగులాంటి చప్పుడు మాకు చేరలేదు. అందరూ ఆ వంక కెమేరాలు తిప్పారు. కాస్సేపటికి, ఆ ముక్క పడినచోటికి దూరంగా, నీళ్ళలోంచి మరొకటి పైకి లేచింది. అది గోడకు అడుగున, నీళ్ళకింద వున్న భాగం. అడుగున తెగి పైకి తేలింది. దానిమీద తెల్లపొర లేదు, పగులు లేదు, యెండ దాని మొహం యెన్నడూ చూచి యెరగదు. నల్లకలువ అనాలో నెమలికంఠం అనాలో నాకు తోచలేదు. ఇరవై యేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, ఒక్క ఉపమానమూ రాలేదు. నీళ్ళు కారుతూ అది అటూ యిటూ వూగుతూ వుంటే, కెమేరా మెడలో వుందన్న సంగతే మరిచిపోయాను.

"ఏమండీ, అత్తయ్యగారి ఫొటో!" అని మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

లెన్సుమీద వానచినుకులు. ఆవిడే పమిటచెంగుతో తుడిచింది. నాలుగు తీశాను. మూడు చెడిపోయాయి. ఒకటి వచ్చింది.

* * *

సియాటిల్ వచ్చాక మా తమ్ముడు ఆ ఒక్క ఫొటోనూ కంప్యూటరులో పెట్టి, "బాగానే వుందన్నయ్యా, కాని కాస్త డోసు పెంచాలి" అని ఒక మీట జరిపాడు. నీలం భగ్గుమంది. "ఇదీ! ఇలా వుంటే జనం ఆహా అంటారు."

"నేను చూసింది అది కాదురా."

"నువ్వు చూసింది యెవరికి తెలుస్తుంది? పైగా అమ్మకు చూపు తక్కువ. ఆవిడ కోసమైనా పెంచాలి."

ఆ మాటలో న్యాయం వుందనిపించింది. అబద్ధమని కూడా అనిపించింది. తేల్చుకోలేక రెండూ అచ్చువేయించాను. ఒకటి చూచినది చూచినట్టు, ఒకటి తమ్ముడి డోసుతో.

మేము ఇంటికి తిరిగి వచ్చిన కొద్దిరోజులకే, ఆగస్టు 5న, మేము చూసిన మెండెన్‌హాల్ దగ్గర వరద వచ్చింది. పక్కలోయలో మంచు కట్టడివల్ల నిలిచిన నీరు ఒక్కసారిగా అడుగునుంచి తోసుకువచ్చి, ఏటి ఒడ్డు కోసేసింది. ఒక యిల్లు ఏట్లోకి ఒరిగిపోవడం మేము టీవీలో చూశాము. 2011 నుంచి ఆ లోయలోంచి వరదలు వస్తున్నాయి గాని, అంతటిది అంతకుముందు రాలేదు.

అయితే, మా యింట్లో అప్పటికే వేరే తుఫాను నడుస్తోంది.

వచ్చిన మర్నాడే అమ్మకు ఫొటో యిచ్చాను. మొదట అసలుది. కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి, వెలుతురుకు పట్టి, చాలాసేపు చూసింది.

"బావుందిరా. గచ్చునేల చెమ్మగిలినట్టుంది" అంది.

నా మొహం మాడిపోయింది. గబగబా రెండోది యిచ్చాను. డోసు పెంచినది.

"ఇది కాస్త నయం. పాచి పట్టినట్టు పచ్చగా వుంది. మంచంటే యిలా వుంటుందన్నమాట."

"అమ్మా, నీలం కనబడటంలేదూ?"

"నీలమా?" అని అమ్మ మళ్ళీ చూసింది. "ఇందులో నీలం యెక్కడుందిరా?"

గదిలో యెవరమూ మాట్లాడలేదు. అమ్మ ఫొటో వొళ్ళో పెట్టుకుని, నెమ్మదిగా తలయెత్తి నా చొక్కా వంక చూసింది. తర్వాత మా ఆవిడ వంక చూసింది.

"అమ్మాయ్, నిజం చెప్పు. బట్టలకు నేను నీలం ఎక్కువ పెడుతున్నానా?"

మా ఆవిడ తలవంచుకుంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండేళ్ళ పైనే అవుతోందండీ అత్తయ్యగారూ."

"నాతో ఒక్క మాట అనలేదే?"

"మీరు బాధపడతారని, రాత్రిళ్ళు మళ్ళీ జాడిస్తున్నానండీ."

అమ్మ యేమీ అనలేదు. ఒక్క మాట అనకపోవడం యెంత బరువో ఆ యింట్లో ఆవిడకే బాగా తెలుసు.

శుక్లం వచ్చిన కంటిలోని కటకం ముదిరి పసుపుపచ్చగా మారుతుందని డాక్టరు తర్వాత చెప్పాడు. పసుపుగాజులోంచి చూస్తే ఎలా వుంటుందో అలాగే వుంటుంది లోకం. నీలాన్ని ఆ గాజు లోపలికి రానివ్వదు. మార్పు యేళ్ళ తరబడి చాలా నెమ్మదిగా జరగడంతో, ఆ మనిషికి తేడా తెలియదు, సబ్బులు మంచివి రావడంలేదనుకుంటుంది. ఓడమీద కెమేరా మొండిగా పసుపు కలిపినట్టే, అమ్మ కన్ను కూడా అన్నేళ్ళూ పసుపు కలుపుతూనే వుంది. కెమేరాకు మీట తిప్పాలని యెవరో కుర్రవాడు చెప్పాడు. అమ్మకు చెప్పవలసినవాళ్ళం, మేము రాత్రిళ్ళు బట్టలు జాడిస్తూ కూర్చున్నాము.

రామన్ మంచురంగును గురించి వ్రాసిన 1923లోనే, ఫ్రాన్సులో క్లాడ్ మోనే అనే ప్రసిద్ధ చిత్రకారుడు శుక్లం తీయించుకున్నాడు. ఆపరేషను తర్వాత ఆయనకు లోకం మరీ నీలంగా కనిపించి గాభరాపడ్డాడట. రంగులమీద బ్రతికిన మనిషే ఆ ఆపరేషనుకు యేళ్ళ తరబడి జంకాడంటే, మా అమ్మను యేమనగలం?

మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ అమ్మే అంది: "ఆ డాక్టరు దగ్గరికి యెప్పుడు వెళదాం?"

నేను తెల్లబోయి చూశాను.

"కాని ఒక్క సంగతి. కాగితంమీద సంతకం నేనే పెడతాను. ఏదైనా అయిందనుకో, అది నా నిర్ణయం. అమ్మను నేనే తీసుకువెళ్ళానని నువ్వు జన్మంతా యేడవకూడదు. అలా యేడవడం యెలా వుంటుందో నాకు తెలుసు."

* * *

నవంబరులో కుడికంటికి చేశారు. ఈ రోజుల్లో కుట్లు లేవు, మూడు మిల్లీమీటర్లు కూడా లేని కోత. మసకబారిన కటకం తీసి, మడతపెట్టిన కృత్రిమ కటకం లోపల అమరుస్తారు. ఇరవై నిమిషాల పని అన్నారు. ఆ ఇరవై నిమిషాలూ వరండాలో నేను పెద్దమ్మను తలుచుకుంటూనే వున్నాను. సాయంత్రానికి ఇంటికి పంపేశారు.

మర్నాడు కట్టు విప్పారు. అమ్మ మొదట డాక్టరు మొహం చూసింది, తర్వాత కిటికీలోంచి బయటికి చూసింది. ఎంతకీ మాట్లాడదు. నా ప్రాణాలు పైన పోతున్నాయి.

"కార్తీకమాసపు ఆకాశం యిలా వుంటుందని మరిచేపోయానురా" అంది.

ఇంటికి రాగానే బీరువా తీయించి, నా చొక్కాలు వరసగా మంచంమీద పరిపించింది. చూసి, నోరు నొక్కుకుంది. "ఓరి నాయనా! వీటితో కాలేజీకి వెళ్ళావుట్రా? పిల్లలు నవ్వలేదూ?"

"ఎవరూ నవ్వలేదమ్మా" అన్నాను. నా జన్మలో ఆడిన అబద్ధాలలో దానికి మాత్రం నాకు పశ్చాత్తాపం లేదు.

తర్వాత ఫొటోలు రెండూ తెమ్మంది. ఏది యేదో నేను చెప్పలేదు. పక్కపక్కన పెట్టుకుని, ఒక కన్ను మూసి ఒక కంటితో, అది మూసి యిది తెరిచి, చిన్నపిల్లలా ఆడుకున్నట్టు చాలాసేపు చూసింది. "ఈ కంటితో చూస్తే గచ్చునేల. ఈ కంటితో చూస్తే..." అని ఆగిపోయింది. ఆవిడకు కూడా ఉపమానం దొరకలేదు.

చివరికి డోసు పెంచినదాన్ని పక్కకు నెట్టేసింది. "ఇది తీసెయ్. ఇందులో నీలం ఎక్కువైంది. నేను పెట్టినట్టుంది" అంది. అసలుదాన్ని మా ఆవిడ చేతికిచ్చి, "అమ్మాయ్, ఇదీ లెక్క. ఇకనించి నీలం నువ్వు పెట్టు" అంది.

నలభై యేళ్ళ అధికారం అలా ఒక్క మాటలో చేతులు మారింది. మా ఆవిడ ఫొటో పుచ్చుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కళ్ళు తుడుచుకోవడానికి కాబోలు. రెండోకంటికి జనవరిలో చేయించమని తేదీ అడిగినది కూడా అమ్మే.

2025 ఆగస్టు 10న ట్రేసీ ఆర్మ్‌లో, సౌత్ సాయర్ దగ్గరే, పెద్ద కొండచరియ విరిగి సముద్రంలో పడింది. పాయంతా అలలు విరుచుకుపడి, ఒడ్డున వున్న అడవిని ఊడ్చివేశాయి. అదృష్టవశాత్తూ ప్రాణనష్టం జరగలేదు. పత్రికలో చదివి అమ్మకు చెప్పాను.

"అయితే నువ్వు ఫొటో తీసిన గడ్డ లేదన్నమాట" అంది.

"అది ఆ వారంలోనే కరిగిపోయి వుంటుందమ్మా."

అమ్మ గోడమీది ఫొటోవంక చూసింది. "నాలుగు తీశానన్నావు గదూ? ఆ చినుకులు తుడవకపోతే యిదీ వుండేది కాదు" అంది. ఆ మెప్పు నాకు కాదని వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు కూడా యేటేటా ప్రవరుణ్ణి హిమాలయానికి పంపిస్తూనే వున్నాను. మంచు యే రంగులో వుంటుందని పిల్లలెవరైనా అడుగుతారేమోనని యెదురుచూస్తాను. ఎవరూ అడగరు. నా చొక్కాలు తెల్లగా వుంటున్నాయి.